మల్టీటూల్‌కి సరిగ్గా సరిపోయే తోలు పౌచ్ కుట్టుకోవడం ఎలా

మల్టీటూల్‌తో, అంటే పట్టకారు, కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివన్నీ ఒకదాంట్లోనే మడిచి పెట్టుకునే పనిముట్టుతో పాటు వచ్చే నైలాన్ పౌచ్ ఎక్కువ కాలం ఆగదు. వెల్క్రో పట్టు వదిలేస్తుంది, అడుగున కుట్లు పిగులుతాయి. బెల్టు దూర్చే లూప్ అన్ని సైజులకీ సరిపోవాలని వెడల్పుగా పెడతారు కాబట్టి నడుస్తుంటే పౌచ్ ముందుకీ వెనక్కీ జారుతుంటుంది. లెదర్‌మన్ వేవ్ ప్లస్‌నే తీసుకోండి. మడిస్తే 10 సెంటీమీటర్లే, కానీ బరువు 241 గ్రాములు. దాదాపు పావు కిలో ఇనుము రోజంతా నడుముకి వేలాడుతుందంటే, అది పౌచ్‌లోనూ కదలకూడదు, పౌచ్ బెల్టు మీదా కదలకూడదు. మీ టూల్ కొలత, మీ బెల్టు కొలత తీసుకుని మీరే కుట్టుకుంటే ఈ రెండూ కుదురుతాయి.

ఇక్కడ చెప్పేది తడిపి అచ్చు పోసే పద్ధతి. వెనక భాగం, దాని కొనసాగింపుగా పైనుంచి ముందుకి వచ్చే మూత ఒకటే ముక్క. ముందు భాగం వేరే ముక్క, దాన్ని తడిపి టూల్ ఆకారానికి ఒత్తి ఆరబెడతాం. తర్వాత రెండింటినీ మూడు వైపులా కలిపి కుడతాం. ఏ పనికాపని చూస్తే ఇందులో పెద్ద కష్టమేమీ లేదు, చిక్కంతా వరసలోనే. మూడు వైపులా కుట్టు పడ్డాక లోపలికి సుత్తీ పోదు, చెయ్యీ పోదు. కాబట్టి లోపలి నుంచి చేయాల్సినవన్నీ, అంటే లూప్ కుట్టడం, ముందు బటన్ బిగించడం, నోటి అంచు నునుపు చేయడం కుట్టుకి ముందే అయిపోవాలి. ఏ అడుగు దగ్గర అనుమానం వచ్చినా 'ఇది తర్వాత చేయడానికి చెయ్యి పడుతుందా?' అని అడిగి చూసుకోండి.

తోలు ఎంచుకోవడం

చెట్ల బెరడు, ఆకుల్లోని టానిన్‌తో శుద్ధి చేసిన తోలు కావాలి. దీన్ని వెజ్ ట్యాన్ అంటారు. తడిపితే మెత్తబడి, ఒత్తిన ఆకారం పట్టుకుని, ఆరాక అలాగే నిలిచేది ఇదే. సోఫాలకీ, జాకెట్లకీ, హ్యాండ్‌బ్యాగులకీ ఎక్కువగా వాడే క్రోమ్ ట్యాన్ తోలు ఎంత తడిపినా ఆరగానే మొదటికొస్తుంది, అంచులూ నునుపు తేలవు. పైగా అందులో మిగిలిపోయిన లవణాలు లోహాన్ని తినే ప్రమాదం ఉందని కత్తుల ఒరలు చేసేవాళ్లు దాని జోలికి పోరు.

రెండింటినీ గుర్తుపట్టడానికి కోసిన అంచు చూడండి. రంగు వేయని వెజ్ ట్యాన్ లోపలంతా లేత గోధుమ రంగులో ఉంటుంది. క్రోమ్ ట్యాన్‌కి చాలాసార్లు మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు గీత కనిపిస్తుంది. ఒక మూల నీటిచుక్క వేస్తే వెజ్ ట్యాన్ దాన్ని పీల్చుకుని అక్కడ నల్లబడుతుంది.

తోలు మందాన్ని చాలాచోట్ల ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, సుమారు 0.4 మిల్లీమీటర్లు. ఈ పౌచ్‌కి 6 నుంచి 7 ఔన్సులు, అంటే రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర సరిపోతుంది. 2 మిల్లీమీటర్ల కంటే పల్చగా ఉంటే ఆకారం నిలవదు. 3 దాటితే మూలల దగ్గర ఒత్తడానికి చేతులు పడిపోతాయి. పశువు పొట్ట దగ్గరి తోలు చవకగా దొరుకుతుంది కానీ సాగుతుంది, పీచు వదులుగా ఉంటుంది. వెనక ముక్కకి అది వద్దు. వీపు తోలో, భుజం తోలో తీసుకోండి.

కావలసిన సామాను

పదునైన కత్తి, స్టీలు స్కేలు, డివైడర్, కుట్టు రంధ్రాల గుర్తులు వేసే పళ్ల పంచి, చెప్పులు కుట్టే ఆరె, మొన మొండిగా ఉండే రెండు తోలు సూదులు, 0.8 మిల్లీమీటర్ల మైనం పూసిన దారం, కాంటాక్ట్ గమ్, అంచు మూల చెక్కే చిన్న పనిముట్టు, 220, 400 నంబరు గరుకు కాగితం, టిచ్ బటన్, దాన్ని బిగించే సెట్టర్, నాలుగు క్లాంపులు, అచ్చుకి కొంచెం చెక్క, ప్లైవుడ్. కత్తి విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. బ్లేడు కొత్తదై ఉండాలి. మొద్దు బ్లేడుతో కోస్తే తోలు స్కేలు కింద సాగి గీత వంకర పోతుంది, ఆ వంకర చివరి వరకూ కనిపిస్తూనే ఉంటుంది.

కొలతలు, నమూనా

టూల్ మడిచిన స్థితిలో పొడవు, వెడల్పు, మందం రాసుకోండి. బయటికి పొడుచుకొచ్చే క్లిప్పో, తాడు కట్టే రింగో ఉంటే మందం అక్కడ కొలవాలి. ఉదాహరణకి 100 పొడవు, 30 వెడల్పు, 18 మందం అనుకుందాం. అన్నీ మిల్లీమీటర్లే.

తోలు ఆరేటప్పుడు కొద్దిగా దగ్గరికి లాగుతుంది. అందుకే అచ్చు దిమ్మని, అంటే తోలు ఒత్తడానికి టూల్ ఆకారంలో చేసే చెక్కముక్కని, పొడవులోనూ వెడల్పులోనూ టూల్ కంటే మిల్లీమీటరో రెండో పెద్దగా చేస్తాం: 102 పొడవు, 31 వెడల్పు, 18 మందం. ఇకపై లెక్కలన్నీ దిమ్మ కొలతలతోనే.

ముందు ముక్క వెడల్పు ఇలా వస్తుంది. దిమ్మ వెడల్పు 31, రెండు పక్కల గోడలకి రెండు మందాలు 36, కుట్టు పడే రెక్కలు పక్కకి 8 చొప్పున 16. మొత్తం 83. కానీ సరిగ్గా 83కి కోయకండి. తడి తోలు వంపుల్లో కొంత తినేస్తుంది, ఎటు ఎంత తింటుందో ముందే చెప్పలేం. 110 వెడల్పు, 135 పొడవున్న ముక్క కోసుకుని, ఆరాక అదనం తీసేయండి. ముందు భాగం టూల్‌ని పూర్తిగా కప్పకూడదు. పైన 15 మిల్లీమీటర్లు బయటికి ఉంటేనే వేళ్లకి పట్టు దొరుకుతుంది. పూర్తిగా కప్పేసిన పౌచ్‌లోంచి టూల్ తీయాలంటే ప్రతిసారీ కింద నుంచి నెట్టుకోవాలి.

వెనక ముక్క వెడల్పు: దిమ్మ 31, రెండు గోడల తోలు మందం 5, రెక్కలు 16, మొత్తం 52. పొడవు: అడుగు రెక్క 8, అడుగు గోడ మందం 2.5, దిమ్మ 102, పైన మందం మీదుగా వంగడానికి 18, మూత ముందుకి దిగడానికి 55, వంపులు తినే 5. మొత్తం 190 దాకా వస్తుంది, 210కి కోసుకోండి. మూత చివరని అన్నీ అయ్యాక టూల్ లోపల పెట్టి చూసి కోస్తాం.

తోలు ముట్టే ముందు ఇవే కొలతలతో అట్టముక్క మీద వెనక భాగం, మూత కోసి టూల్ చుట్టూ మడిచి చూడండి. పౌచ్ ఎత్తు, నోరు ఎక్కడ రావాలి, మూత ఎంత దిగాలి అనేవి అట్ట మీదే తేలిపోతాయి.

అచ్చు చేయడం

అసలు టూల్‌నే తడి తోల్లో పెట్టి ఆరబెట్టేవాళ్లున్నారు. ప్లాస్టిక్ పొర చుట్టినా ఒక రాత్రంతా తడిలో ఉంటే కీళ్ల దగ్గర తుప్పు పట్టే అవకాశం ఉంది, టూల్ మీద ఉన్న ప్రతి గంటూ తోలు మీద అచ్చుపడుతుంది. చెక్క దిమ్మకి గంట పని పడుతుంది, ఆ గంట పెట్టడమే నయం.

దిమ్మ పై అంచులూ, అడుగు మూలలూ గరుకు కాగితంతో బాగా గుండ్రం చేయండి. మూల వంపు కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలి. మూల పదునుగా ఉంటే తోలు అక్కడ పల్చబడి, వాడుతుంటే మొదట అరిగేది అదే. దిమ్మని ఒక పలకకి కింద నుంచి స్క్రూ వేసి బిగించండి. ప్లైవుడ్‌లో యూ ఆకారంలో ఒక చట్రం కోయాలి, దాని లోపలి వెడల్పు దిమ్మ కంటే తోలు మందానికి రెండింతలు, ఇంకో మిల్లీమీటరు ఎక్కువ. మన లెక్కలో 37. నోటి వైపు చట్రం తెరిచి ఉంటుంది. చట్రం లోపలి కింది అంచుని కూడా కొంచెం గుండ్రం చేస్తే తోలు మీద కోత గీత పడదు.

తడిపి ఒత్తడం

ఈ అడుగుకి ముందు గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసేయండి. తడి వెజ్ ట్యాన్ మీద గోటి గీత పడితే ఇక అది పౌచ్‌తోనే ఉంటుంది. ఇనుము కూడా దూరంగా పెట్టండి. తడి తోల్లోని టానిన్‌కి ఇనుము తగిలితే నల్లటి నీలి మచ్చ నిమిషాల్లో దిగుతుంది. ఇనుప క్లాంపు దవడకీ తోలుకీ మధ్య చెక్కముక్క పెట్టండి, బల్ల మీద ఇనుప రజను లేకుండా తుడవండి. చిన్న మచ్చ పడితే నిమ్మరసం తడిపిన గుడ్డతో వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది, తర్వాత మంచినీళ్లతో కడిగేయాలి.

గోరువెచ్చని నీళ్లలో ముందు ముక్కని ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగిపోగానే తీసేయండి. గంటల తరబడి నానబెట్టక్కర్లేదు. పది నిమిషాలు అలా వదిలితే పైపొర రంగు కొంచెం తేలిక పడడం మొదలవుతుంది. ఒత్తడానికి అదే అదను.

నునుపు వైపు పైకి ఉండేలా దిమ్మ మీద పరిచి, ముందు అరచేతులతో నొక్కుతూ ఆకారానికి తీసుకురండి. పక్కలు సులువుగానే దిగుతాయి. గొడవంతా అడుగున ఉన్న రెండు మూలల దగ్గరే. అక్కడ తోలు ఎక్కువై ముడతలు లేస్తాయి. ముడతని కిందికి అణచకండి. బొటనవేలితో బయటికి, రెక్క వైపుకి లాగుతూ కొద్దికొద్దిగా పరిచేయండి. ఒకచోట తగ్గితే పక్కన లేస్తుంది, అక్కడా అలాగే. పది పదిహేను నిమిషాల ఓపిక కావాలి. ముడత రెక్కలోకి వెళ్లిపోయాక చట్రం పైనుంచి దించి, క్లాంపులు ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకి వెళ్తే తోలు అటువైపు లాక్కుపోతుంది.

చట్రంలో ఒక రాత్రి ఉంచండి. తెల్లారి చట్రం తీసేసి, ముక్క దిమ్మ మీదే ఉండగా గాలి ఆడేచోట ఇంకో రోజు వదిలేయండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ వేడిగా కొట్టడం వద్దు. తడి వెజ్ ట్యాన్ తోలు సుమారు 70 డిగ్రీలు దాటిన వేడికి కుంచించుకుపోయి పెళుసుగా తయారవుతుంది, ఆ తర్వాత నూనె పెట్టినా మామూలు కాదు. ఫ్యాన్ గాలి చాలు. ఆరిందో లేదో చూడాలంటే ముక్కని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. రంగు చూసి మోసపోవద్దు, పైపొర లోపలి కంటే ముందే ఆరుతుంది.

పూర్తిగా ఆరాక దిమ్మ చుట్టూ గోడ అడుగు నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో డివైడర్‌తో గీత గీసి అదనం కోసేయండి. నోరు దిమ్మ అడుగు నుంచి 85 ఎత్తులో. నోటి మధ్యలో బొటనవేలు పట్టేంత అర్ధచంద్రం కోస్తే టూల్ తీయడం ఇంకా సులువు. ఇది అలంకారమని కొందరు వదిలేస్తారు, నా దృష్టిలో తప్పనిసరి.

లూప్

చాలా పౌచ్‌లు చెడేది ఇక్కడే. ముందు మీ బెల్టు కొలవండి. 38 వెడల్పు, 4 మందం అనుకుంటే, రెండు కుట్ల మధ్య ఖాళీ 42 చాలు. వేరే బెల్టుకి కూడా పనికొస్తుందిలే అని 50 పెట్టారంటే మళ్లీ పాత నైలాన్ పౌచ్ కథే. లూప్ పట్టీ పొడవు: ఖాళీ 42, బెల్టు మందం దాటడానికి 8, రెండు చివర్లా కుట్టుకి 15 చొప్పున 30. మొత్తం 80. వెడల్పు 30 ఉంటే పౌచ్ పక్కలకి ఊగదు.

పట్టీ చివర్లని వెనక వైపు నుంచి ఏటవాలుగా చెక్కి పల్చన చేయండి. లేకపోతే ఆ మెట్టు నడుముకి ఒత్తుకుంటూ ఉంటుంది. పట్టీని వెనక ముక్క నునుపు వైపు, మూత వంగే గీతకి 15 మిల్లీమీటర్ల కిందుగా పెట్టండి. లూప్ ఇంకా కిందికి పోతే బరువంతా బెల్టు పైన నిలిచి పౌచ్ బయటికి వాలుతుంది, వంగినప్పుడు పక్కటెముకల్లో పొడుస్తుంది. ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవాళ్లు లూప్‌ని అడ్డంగా తిప్పి, టూల్ బెల్టుకి సమాంతరంగా పడుకునేలా కుట్టుకోవచ్చు. అప్పుడు మాత్రం మూత బిగుతుగా ఉండాలి.

గమ్ అంటించే చోట నునుపు పొరని గరుకు కాగితంతో గీరితేనే పట్టు వస్తుంది. ఒక్కో చివర చతురస్రంగా కుట్టు వేయండి. ఒకే గీత కుట్టుంటే లాగిన ప్రతిసారీ బరువు ఆ గీత మీదే పడుతుంది. కుట్టయ్యాక ముక్కని బోర్లించి లోపలి వైపు దారాలని సుత్తితో మెల్లగా తట్టి తోల్లోకి అణచండి. టూల్ రోజూ రాసుకునేది వాటికే.

బటన్, రంగు, నోటి అంచు

టిచ్ బటన్‌లో నాలుగు భాగాలుంటాయి. రెండు మూతకి, రెండు ముందు ముక్కకి. ముందు ముక్కవి ఇప్పుడే బిగించాలి. నోటికి 22 మిల్లీమీటర్ల కిందుగా, సరిగ్గా మధ్యలో రంధ్రం చేసి, లోపల గట్టి దన్ను పెట్టి సెట్టర్‌తో బిగించండి. బటన్ కాడ పొడవు తోలు మందం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే చాలు. మరీ పొడవుంటే దెబ్బకి పక్కకి వంగిపోతుంది. లోపల మిగిలే లోహపు తల టూల్‌ని గీకకుండా దాని మీద పల్చటి తోలు ముక్క అంటించండి. ఇత్తడి బటనైతే తుప్పు భయం లేదు.

సెట్టర్ లేకపోతే సామ్ బ్రౌన్ స్టడ్ వాడొచ్చు. గుండ్రటి తల ఉన్న మేకులాంటిది, వెనక నుంచి స్క్రూతో బిగుస్తుంది, మూతలో రంధ్రం చేసి దానికి చిన్న చీలిక పెడితే చాలు. బ్రిటిష్ ఇండియా సైన్యాధికారి సామ్ బ్రౌన్‌కి 1858లో యుద్ధంలో ఎడమ చెయ్యి పోయింది. భుజం మీదుగా పట్టీ ఉండే బెల్టు ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది, ఈ స్టడ్‌కీ ఆ పేరే. శబ్దం చేయదు, పాడవదు. కానీ ఒంటిచేత్తో ఠక్కున తీయాలంటే మాత్రం టిచ్ బటనే మేలు.

రంగు వేయాలనుకుంటే ఇప్పుడే. నూనె పెట్టాక రంగు సమానంగా పట్టదు, గమ్ కూడా అతకదు. గుడ్డతో పల్చగా రెండు పూతలు వేసి, ఆరాక పొడిగుడ్డతో రంగు అంటడం మానేదాకా రుద్దండి. ముందు ముక్క నోటి అంచుని మూల చెక్కి, 220తో, తర్వాత 400తో రుద్ది, కొద్దిగా నీళ్లు అద్ది నున్నటి చెక్కతో అటూ ఇటూ వేగంగా రాయండి. రాపిడి వేడికి పీచు అణిగి అంచు మెరుస్తుంది. కుట్టయ్యాక నోటి లోపలి మూలకి పనిముట్టు అందదు.

అతికించి కుట్టడం

రెండు ముక్కల రెక్కల మీదా గమ్ పల్చగా రాసి, వేలికి అంటని దాకా పది పదిహేను నిమిషాలు ఆగండి. కిటికీ తెరిచి ఉంచండి, ఆ వాసన మంచిది కాదు. దిమ్మ లోపల పెట్టి ముక్కల్ని కలపండి. ఒకసారి అంటుకున్నాక జరపడం కుదరదు కాబట్టి అడుగు మధ్య నుంచి మొదలుపెట్టి పక్కలకి రండి. అంచులు ఒకటి రెండు చోట్ల అర మిల్లీమీటరు తేడా ఉంటే కుట్టయ్యాక రుద్దేయొచ్చు.

అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపలికి డివైడర్‌తో కుట్టు గీత గీయండి. పళ్ల పంచితో 4 మిల్లీమీటర్ల దూరానికి గుర్తులు వేయండి, కానీ దాంతోనే ఆరపారా కొట్టేయకండి. అచ్చు గోడ పక్కనే ఉంటుంది కాబట్టి పంచి దానికి ఆనుకుని బయటికి వాలుతుంది. ముందు చూస్తే కుట్టు తిన్నగానే ఉంటుంది, వెనక తిప్పితే రంధ్రాలు అంచు దాకా పాకిపోయి ఉంటాయి. పంచి గుర్తు కోసమే. రంధ్రం మాత్రం ఆరెతో, వెనక బిరడా ముక్క ఆనించి, ఒక్కోటీ తిన్నగా పొడవండి. ఆరె మొన వెనక గీత మీదే తేలుతోందా అని మొదటి నాలుగైదు రంధ్రాల దగ్గర చూసుకుంటే తర్వాత చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది.

కుట్టు పొడవు మన కొలతకి 24 సెంటీమీటర్ల దాకా వస్తుంది. దారం దానికి నాలుగింతలు, పైన ఒక జానెడు కలిపితే సుమారు 1.2 మీటర్లు. దారం రెండు కొసలకీ ఒక్కో సూది ఎక్కించండి. ఒకే రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్లే ఈ కుట్టులో రెండు దారాలూ విడివిడిగా పట్టుకుంటాయి. ఒకటి తెగినా రెండోది ముక్కల్ని కలిపే ఉంచుతుంది. మెషిన్ కుట్టులో ఒక దారం తెగితే వరసగా ఊడుతుంది.

నోటి నుంచి మూడో రంధ్రంలో మొదలుపెట్టి నోటి దాకా వెనక్కి కుట్టండి. అక్కడ దారాన్ని అంచు మీదుగా రెండుసార్లు చుట్టి మళ్లీ కిందికి రండి. టూల్ లాగిన ప్రతిసారీ మొదట బరువు పడేది నోటి కుట్టు మీదే. పనిని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ప్రతి రంధ్రంలో మొదట ఎడమ సూది దూర్చి లాగండి. తర్వాత కుడి సూదిని అదే రంధ్రంలో, మొదటి దారానికి ఒకే పక్కగా దూర్చండి. సూది సగం దిగాక మొదటి దారాన్ని కొంచెం వెనక్కి లాగి చూడండి. కదిలిందంటే సూది దారాన్ని పొడవలేదన్నమాట. కదలకపోతే సూది వెనక్కి తీసి మళ్లీ దూర్చాలి, లేదంటే అక్కడ ముడిపడి కుట్టు బిగియదు. ఏ సూది ముందు, ఏ పక్క అనేది మధ్యలో మార్చకండి. మారిస్తే కుట్టు వాలు మారి, ఎక్కడ మారిందో దూరం నుంచే తెలుస్తుంది.

దారం లాగేటప్పుడు రెండు చేతులతో సమానంగా. తోలు కొంచెం అణిగితే చాలు, కోసుకునేంత బిగించొద్దు. రెండో వైపు నోటి దాకా వచ్చాక అక్కడా అంచు మీదుగా చుట్టి, మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారాలు రెండూ వెనక వైపుకి తెచ్చి కోసేయండి. పాలియెస్టర్ దారమైతే కొసని లైటర్ మంటతో ఒక్క క్షణం కరిగించి అణచండి. నార దారమైతే చిన్న చుక్క గమ్. తర్వాత కుట్టు పొడవునా సుత్తితో మెల్లగా తట్టండి, రంధ్రాలు మూసుకుంటాయి.

మూత

దిమ్మని పౌచ్‌లో పెట్టి, మూత వంగే చోట మాత్రం రెండు వైపులా తడి స్పాంజితో అద్దండి. పౌచ్ మొత్తం తడపొద్దు, అచ్చు వదులవుతుంది. వంచి, దిమ్మ పై మూలల దగ్గర వేలితో ఒత్తి, రబ్బరు బ్యాండో గుడ్డపట్టీయో చుట్టి రాత్రంతా ఉంచండి. ఆరాక దిమ్మ తీసి అసలు టూల్ పెట్టండి. మూతని కొంచెం లాగి పట్టుకుని ముందు బటన్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే మూత లోపలి వైపు గుండ్రటి గుర్తు పడుతుంది. రంధ్రం ఆ గుర్తు మధ్య నుంచి ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు వంపు వైపుకి జరిపి చేయండి. తోలు వాడకంలో కొంత సాగుతుంది కాబట్టి మొదట్లో బిగుతుగా ఉండడమే సరైనది. రంధ్రానికి కింద 15 మిల్లీమీటర్లు వదిలి మూత చివర గుండ్రంగా కోసి, బటన్ మిగతా రెండు భాగాలూ బిగించండి.

అంచులు, నూనె

మూడు వైపుల రెక్కల అంచులూ, మూత అంచూ ఇందాక నోటి అంచుకి చేసినట్టే చేయండి. రెండు పొరలు ఒకటే ముక్కలా కనిపించాలంటే 220 దగ్గర తొందరపడకూడదు. గమ్ గీత కనిపించని దాకా రుద్ది, అప్పుడే నీళ్లద్ది చెక్కతో రాయాలి. చివర తేనెమైనం రాసి గుడ్డతో వేడెక్కేలా రుద్దితే తడి లోపలికి దిగదు.

నూనె తక్కువగానే. తోలుకి వాడే నీట్స్‌ఫుట్ నూనె బాగా పనిచేస్తుంది కానీ ఎక్కువ పట్టిస్తే అచ్చు మెత్తబడి ముందు భాగం సంచిలా జారిపోతుంది. నునుపు వైపు గుడ్డతో ఒక్క పల్చటి పూత, ఒక రోజు ఆగి మైనం కలిసిన పాలిష్, అంతే. లోపలి వైపు ఏమీ రాయకండి, అది టూల్‌కి అంటుతుంది.

కొత్తలో టూల్ బిగుతుగా ఉండి ఒంటిచేత్తో రాకపోవచ్చు. మళ్లీ తడపొద్దు. టూల్‌కి మందపాటి ప్లాస్టిక్ కవరు ఒక పొర చుట్టి పౌచ్‌లో రెండు రాత్రులు ఉంచితే కావలసినంత సడలుతుంది. పౌచ్‌ని తలకిందులు చేసి, మూత తెరిచి మెల్లగా ఊపినప్పుడు టూల్ జారిపడకుండా, రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తే బిగువు సరిగ్గా ఉన్నట్టు. టూల్‌ని నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టాల్సి వస్తే మాత్రం పౌచ్‌లో ఉంచకండి. తోలు గాల్లోని తేమ పీల్చి పట్టుకుంటుంది, టానిన్ కూడా తోడై స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా మచ్చలు తేవచ్చు. వానలో తడిసినప్పుడూ అంతే: టూల్ తీసి తుడిచి, పౌచ్‌లో దిమ్మ పెట్టి నీడలో ఆరబెట్టండి. అందుకే కుట్టు అయిపోయింది కదా అని ఆ దిమ్మని పారేయకండి.